పదమూడో టేకు

ఆ బుధవారం పొద్దున హిందూపురంలో చంద్రమోహన్ మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది. ఏడున్నరకు భార్య పెళ్లి చీరను దండెం మీద వేసి వీడియో తీయాలి. ఎనిమిదికి గొంతు రికార్డు చేయాలి. తొమ్మిదికి ఉప్మా తినాలి. పదికి బడికి పోవాలి. ఈ నాలుగింటిలో అనుకున్నట్టు జరిగింది ఒక్కటీ లేదు, ఉప్మాతో సహా. జరిగినదంతా జరీ వల్ల జరిగింది.

మాస్టారు ఇరవై ఎనిమిదేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాడు. పిల్లల వ్యాసాలు దిద్దీ దిద్దీ ఆయాసం వచ్చింది గాని వ్యాసం మీద వ్యామోహం పోలేదు. మాట మీద మాట వేసి నలుగురినీ నవ్వించడం ఆయనకు అలవాటు. నలుగురూ నవ్వకపోతే ఆ నలుగురి వంతూ తానే నవ్వేవాడు. ఇంట్లో ఆ జోకులకు ఒకే శ్రోత, భార్య పద్మజ. "చాలించప్పా, అందరూ ఇంటాండారు" అనేది ఆమె, వినడానికి ఇంట్లో మూడో మనిషి లేనప్పుడు కూడా. వచ్చే ఆదివారం ఆమె సంవత్సరీకం. ఈ ఏడాదిలో మాస్టారు జోకు వేయలేదు. చాలించమనేవాళ్లు లేకపోతే మొదలుపెట్టడం ఎలాగో ఆయనకు తెలియలేదు.

డిగ్రీ చదువుతున్న కూతురు అమృత ఈ మౌనం చూడలేక ఒక ఉపాయం చెప్పింది. "నాయనా, అమ్మ మీద వీడియో ఎస్సే చేయి. ఆదివారం అందరూ వస్తారు కదా, టీవీలో ఏసి చూపిస్తాం."

"అంటే ఫోటోలు పెట్టి పాట ఏసేది కదా?"

"కాదు నాయనా. ఏదో ఒక విషయం పట్టుకొని, దాని గురించి నీకు ఏమనిపిస్తాందో నీ గొంతుతో చెప్పాల. దానికి తగ్గట్టు బొమ్మలు చూపించాల."

"ఓహో, వ్యాసం! వ్యాసం నాకు చెప్తావా పాపా? ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. నా చేతిలో పని."

పట్టుకోవడానికి విషయం కూడా పట్టుదే దొరికింది. మాస్టారు మొదటి జీతంతో ధర్మవరంలో కొన్న పెళ్లి చీర. వంకాయ రంగు, అంచు నిండా హంసలు. ఏటా పెళ్లిరోజుకు పద్మజ అది కట్టుకునేది. వచ్చిన ప్రతివాళ్లకూ మాస్టారు కొంగు పట్టి చూపించి, "అసలైన వెండి జరీ! ఇప్పుడు కొందామన్నా దొరకదు. చీర కాదు, చిరాస్తి!" అనేవాడు. పద్మజ తల దించుకొని నవ్వి, చాలించప్పా అనేది.

కాబట్టి ఆ పొద్దున చీరను తెల్లపంచెలోంచి తీసి, వాకిట్లో దండెం మీద వేశాడు. పద్మజ పాత ఫోనును ప్రహరీ గోడ మీద ఊరగాయ జాడీకి ఆనించి, రికార్డు నొక్కాడు. చీర ఎండలో ఊగుతూ ఉంటుంది, దాని మీద తన గొంతు వినిపిస్తుంది. అదీ పథకం.

గొంతు రికార్డు చేయడానికి నిశ్శబ్దం కావాలి. మాస్టారు ఫ్రిజ్జు ఆపాడు, ఫ్యాన్లు ఆపాడు, కుక్కరు దించేశాడు. చివరికి అక్క రామాంజినమ్మ దగ్గరికి వచ్చాడు. తమ్ముడి ఇల్లు చూసుకోవడానికి అమరాపురం నుంచి వచ్చి ఏడాదిగా ఇక్కడే ఉంటోంది ఆమె.

"అక్కా, నేను బయటికి వచ్చేదాకా నువ్వు ఒక్క మాట మాట్లాడకూడదు. ఇల్లు కాలినా సరే, సైగ చేయి, అంతే."

"దగ్గొస్తే?"

"మింగు."

తర్వాత ముందు గదిలో కిటికీ పక్కన కూర్చొని, ప్రతిధ్వని రాకూడదని నెత్తి మీదుగా దుప్పటి కప్పుకొని, తన ఫోనులో రికార్డింగు మొదలుపెట్టాడు. "ఉపోద్ఘాతము. ధర్మవరం పట్టుచీరలలో వెండి జరీ చీర తలమానికము. అట్టి చీరను నేను నా ప్రథమ వేతనముతో కొని నా అర్ధాంగికి పెట్టితిని..." ఇక్కడి దాకా బండి బాగానే నడిచింది. విషయ వివరణ కూడా నడిచింది. ముగింపు దగ్గర, "అట్టి పద్మజ నేడు" అన్నాక ఆగిపోయింది. ఆ తర్వాత రావలసిన మాటకు తెలుగు మాస్టారికి తొమ్మిది పర్యాయపదాలు తెలుసు. తొమ్మిదీ గొంతులో వరసగా ఇరుక్కున్నాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. పదకొండు టేకులయ్యాయి. అవి నిజం టేకులైతే ఒక వాకిలీ రెండు కిటికీలూ చేయించుకునేవాడు.

పన్నెండో టేకులో "అట్టి పద్మజ" దాకా వచ్చాడో లేదో, వీధిలో మైకు మోగింది. "పాత పట్టుచీరలు కొంటాం! జరీ చీరలు కొంటాం! చినిగినవైనా కొంటాం!"

వచ్చినవాడు మారుతి. మోపెడ్డు మీద ఊరూరా తిరిగి పాత పట్టుచీరలు కొంటాడు. ఆ చీరలు ధర్మవరం పోతాయి. అక్కడ జరీని కాల్చి, అందులో వెండి తీస్తారు. మీ అమ్మమ్మ పెళ్లీ మా నాయనమ్మ పెళ్లీ ఒకే మూకుడులో కరుగుతాయన్నమాట. రామాంజినమ్మ తన చినిగిన పట్టుచీర ఇస్తానని పోయిన వారమే అతనికి చెప్పిపెట్టింది. అతను వచ్చి చూస్తే చీర దండెం మీద సిద్ధంగా ఉంది.

మారుతి మైకు ఆపకుండానే చీర వైపు వేలు చూపించి, ఇదేనా అన్నట్టు తలెగరేశాడు. రామాంజినమ్మకు నోరు విప్పే వీలు లేదు. కాదు, ఉండు, నాది లోపలుంది, తెస్తా అని ఈ నాలుగు మాటలనూ రెండు చేతులతో చెప్పి, చీర తేవడానికి వెనక గదికి పరుగెత్తింది. అదే సమయంలో కిటికీ పక్కన దుప్పటి కదిలింది. మైకు గోల భరించలేక మాస్టారు దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికి చాపి, కిటికీ ఊచల మధ్య నుంచి పో, పో అని గట్టిగా ఊపాడు. మైకు టక్కున ఆగిపోయింది. లోకంలో ఇంకా మర్యాద మిగిలి ఉందని మాస్టారు సంతోషించి, మళ్లీ "అట్టి పద్మజ" అన్నాడు.

రామాంజినమ్మ తన చీర పట్టుకొని వచ్చేసరికి మోపెడ్డూ లేదు, దండెం మీద చీరా లేదు. అరుగు మీద రాయి కింద నోట్లు రెపరెపలాడుతున్నాయి. ఆమె గదిలోకి పరుగెత్తి దుప్పటిని కుదిపింది. దుప్పటి లోపలి నుంచి చెయ్యి వచ్చి ఆమెను కూడా పొమ్మంది. మాట ఇచ్చిన మనిషి కాబట్టి ఆమె అక్కడే నిలబడి పావుగంట సేపు కళ్లనీళ్లు పెట్టుకుంది, శబ్దం లేకుండా.

చివరికి మాస్టారు విసుగెత్తి దుప్పటి తీశాడు. వాకిట్లోకి వచ్చాడు. "అక్కా, చీర ఏది?"

ఆమె రోడ్డు వైపు చూపించింది.

"మాట్లాడక్కా!"

"మాట్లాడొచ్చా?"

"మాట్లాడు తల్లీ!"

"మారుతి ఎత్తకపోయినాడు రా! ఇవి పెట్టిపోయినాడు దుడ్లు!"

మాస్టారు ఆ నోట్లు చేతిలోకి తీసుకున్నాడు. "ఇచ్చేసినావా? దాని చీర ఇచ్చేసినావా? ఏంటికిచ్చినావక్కా?"

"నేను ఇయ్యలేదు రా. నేను లోపలికి పోయినా."

"ఇయ్యకుండానే దుడ్లు పెట్టిపోయినాడా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

రామాంజినమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఈసారి మౌనం ఆమె సొంతం.

వీధి చివర టీ కొట్టులో అడిగితే, మారుతి పెనుకొండ మీదుగా ధర్మవరం పోతాడని, సాయంత్రం లోపల సరుకు దించేస్తాడని చెప్పారు. సరుకు అంటే పద్మజ చీర. దించేస్తాడు అంటే కాలుస్తారు. మాస్టారు ఫోను జేబులో వేసుకొని పరుగెత్తాడు. ఆ ఫోనులో రికార్డింగు ఆపలేదన్న సంగతి ఆయనకు గుర్తులేదు. గోడ మీద ఊరగాయ జాడీకి ఆనించిన రెండో ఫోను సంగతి అసలే గుర్తులేదు. ఆ ఫోనుకు స్టాండు లేదు, ఈయనకు బస్టాండే దిక్కయింది.

పెనుకొండలో పెనుగండం కాచుకొని ఉంది.

బస్టాండు పక్కన అంజినమ్మ టీ అంగడి. రాకపోకలన్నీ ఆమె కళ్ల ముందే జరుగుతాయి. ఆమె మాస్టారి వాలకం చూసి, "ఏమప్పా, ముందు నీళ్లు తాగు. ఏమైంది?" అంది.

మాస్టారు ఫోనులో పెళ్లి ఫోటో తీసి, చీర మీద వేలు పెట్టాడు. "మారుతి... పాత చీరలు కొంటాడే... పొద్దున మా ఇంటి కాడికొచ్చి..." అంటూ సగంలోనే ఆపి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఆ ఫోటోలో చీర ఒంటరిగా లేదు. చీరలో ఇరవై రెండేళ్ల పద్మజ ఉంది. వీడియో కోసం అమృత ఆ ఫోటోకు రంగులు దిద్ది, నిన్న తీసినట్టు చేసింది. పక్కనున్న పెళ్లికొడుకును కత్తిరించి పారేసింది. అంజినమ్మ ఆ పెళ్లికూతుర్ని చూసింది, యాభై నాలుగేళ్ల మాస్టారిని చూసింది, ఆయన చెప్పలేకపోయిన కథ మొత్తం తానే పూర్తి చేసుకుంది.

"ఎవురప్పా ఈమె?"

"మా ఇంటామె."

"అయ్యో శివా! ఇప్పుడు యాడుండాది?"

ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు. పొద్దున పన్నెండు టేకుల్లోనూ రానిది అదే. మాస్టారు నేల చూశాడు. ఎదురుగా కోట కొండ చూశాడు. చివరికి, "ఇంట్లో లేదు" అన్నాడు.

"అదే కదప్పా నేననేది!" అంజినమ్మ నెత్తి కొట్టుకుంటూ అంగడి లోపలికి పోయింది. "రేయ్ మోహన్, ఇట్రా! పాత చీరల మారుతి ఈ సారు పెండ్లాన్ని లేపకపోయినాడంట!"

ఈ ముక్క లోపల గ్లాసులు కడిగే చప్పుడులో చెప్పింది కాబట్టి బయటున్న మాస్టారికి వినపడలేదు. మోహన్ ఆటో నడుపుతాడు, ఆటోవాళ్ల గ్రూపు కూడా నడుపుతాడు. "ఆయబ్బ చీరలు కొంటాడనుకుంటిమే! చీరలో ఉన్నోళ్లను కూడానా!" అని గొణుక్కుంటూ బయటికి వచ్చి, "ఫోటో పంపు సార్. ధర్మవరంలో మావోళ్లుండారు. అరగంటలో పట్టిస్తా" అన్నాడు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "నీకు పుణ్యముంటాది నాయనా. దొరికితే మట్టి కాకుండా, మడత పెట్టి కవర్లో ఏయమని చెప్పు."

మోహన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "సార్ శానా కోపం మీదుండాడు" అని అంజినమ్మ చెవిలో చెప్పి, ఆ ముక్క కూడా మెసేజిలో చేర్చాడు.

ధర్మవరానికి బస్సు కంటే ఫార్వర్డు ముందు చేరింది. దారిలో అది కొంచెం ఒళ్లు చేసింది కూడా. బయల్దేరినప్పుడు పెళ్లాం ఒక్కతే. సగం దారిలో నగలు చేరాయి. ఊరి పొలిమేరలో మాస్టారి చేతికి కత్తి వచ్చింది. పాత జరీ కొనే గోవిందరాజులు అంగడి నేతగాళ్ల వీధిలో ఉంది. మాస్టారు అడుగుతూ అడుగుతూ అక్కడికి చేరేసరికి, అంగడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మధ్యలో మారుతి. అతని జుట్టు ఒక ఆడమనిషి చేతిలో ఉంది. ఆమె అతని భార్య గంగాదేవి. ఫోటో ఆమెకు ముగ్గురు పంపారు.

"కాదే గంగీ! నేను చీర తెచ్చినానే! చీరలో ఎవురూ లేరే!" అంటున్నాడు మారుతి.

"నోరుముయ్! చీర నీ సంకలో ఉండాది, కట్టుకునింది యాడుండాది?"

అతని సంకలో వంకాయ రంగు చూసి మాస్టారు, "అయ్యా, అదే, అదే!" అని అరిచాడు. జనమంతా వెనక్కి తిరిగి, ముందు ఆయన చేతిలో కత్తి కోసం చూసి, లేకపోయేసరికి కొంచెం నిరాశపడి, దారి ఇచ్చారు.

గంగాదేవి మొగుడి జుట్టు వదిలి మాస్టారి కాలరు పట్టుకుంది. "నువ్వేనా సారువి? ఇంట్లో పెండ్లాన్ని కనిపెట్టుకోలేనోనివి బళ్లో పిల్లోళ్లకేం చెప్తావయ్యా? నా సంసారం రోడ్డు మీదికి తెస్తివే! చెప్పు, యాడుండాది నీ పెండ్లాము?"

"యాడుండాది సార్?" అన్నారు జనం.

"ఎవరి గురించమ్మా?"

"ఈమె గురించి!" గంగాదేవి ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టింది. అందులో పద్మజ నవ్వుతోంది. కింద మోహన్ రాసినది ఉంది. మాస్టారు చదివాడు. తప్పులు దిద్దే అలవాటు కొద్దీ రెండుసార్లు చదివాడు. పద్మజను లేచిపోయిందన్నారు. ఊరూరా అన్నారు.

"సచ్చిపోయింది" అన్నాడు మాస్టారు.

ఆ మాట ఆయన తొమ్మిది పర్యాయపదాల్లో లేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాట.

"సచ్చిపోయిందమ్మా నా పెండ్లాము. వచ్చే ఆదివారానికి ఏడాది. అది యాడికీ లేచిపోలేదు. కూరాకుకు పోయినా నాకు చెప్పే పోయేది. పక్కింటికి పోయినా చెప్పే పోయేది. ఆ పొద్దు ఒక్కపొద్దే చెప్పలేదు."

బయట అలికిడి తెలిసి మగ్గాల మీద ఉన్నవాళ్లు కూడా చెయ్యి ఆపారు. ఎప్పుడూ టకటకలాడే ఆ వీధిలో ఒక్క మగ్గం ఆడలేదు. మాస్టారు పొద్దుటి నుంచి వెతుకుతున్న నిశ్శబ్దం అదే. ఫ్రిజ్జు ఆపితే రాలేదు, అక్క నోరు కట్టేస్తే రాలేదు.

గంగాదేవి కాలరు వదిలింది. వదిలి, నలిగిన కాలరును రెండు చేతులతో సర్దింది. "తప్పయింది సామీ. ఫోటో నిన్న తీసినట్టుండాది" అని ఏడుపు అందుకుంది. మారుతి కూడా ఏడ్చాడు, అయితే అతను అప్పటికే ఏడుస్తున్నాడు.

గోవిందరాజులు మాస్టారిని లోపల కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, చీర ఒళ్లో పెట్టాడు.

"పుణ్యానికి కాల్చలేదయ్యా మీరు" అన్నాడు మాస్టారు దాన్ని తడుముతూ.

గోవిందరాజులు ఇబ్బందిగా కదిలాడు. "పుణ్యం కాదు సార్. ఏమనుకోవద్దు. ఇది వెండి జరీ కాదు. దారం పీకి కాల్చి చూస్తిని. వెండైతే తెల్లగా మెరుపు మిగలాల. దీంట్లో అంతా ఎర్రగా రాగి. పనికిరాదని మారుతికి తిరిగిచ్చేస్తిని. నిజం జరీ అయింటే మధ్యాహ్నమే మూకుట్లో పడుండేది."

ఇరవై ఎనిమిదేళ్ల చిరాస్తి మాస్టారి ఒళ్లో చిన్నగా నవ్వినట్టయింది. మొదటి జీతంతో మొదటి మోసం కొన్నాడన్నమాట. "అట్లయితే నేను చెప్పిందంతా..."

"ఇంకోటి సార్. దీన్ని ఇంతకు ముందే ఎవురో అమ్మబోయినారు. ఈ కొంగు కొసన చూడండి. మేం పీకినట్టే ఒక దారం పీకినారు. తర్వాత అదే రంగు నూలుతో కుట్టినారు. ఎవురో గాని చెయ్యి మంచిది."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకొని చూశాడు. కుట్టు చివర ఒకదాని మీద ఒకటి రెండు ముళ్లు. అలాంటి ముళ్లు ఆయన చొక్కా గుండీలన్నిటికీ ఉన్నాయి, అప్పుడు ఒంటి మీద ఉన్న చొక్కాకు కూడా.

ఎనిమిదేళ్ల కిందట బెంగళూరు ఆస్పత్రిలో ఆయనకు కడుపు ఆపరేషన్ జరిగింది. డబ్బు ఎలా తెచ్చావంటే, "చీటీ పాడినాను లే, నువ్వు పండుకో" అంది పద్మజ. చీటీ పాడకముందు ఈ చీర పట్టుకొని ఏ ఊర్లో, ఏ అంగడి మెట్లెక్కిందో. వెండి కాదమ్మా అని ఏ గోవిందరాజులు చెప్పాడో. ఆమె ఇంటికి వచ్చి, పీకిన దారాన్ని కుట్టి, పంచెలో మడత పెట్టి, పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత ఏడు పెళ్లిరోజులకు కట్టుకుంది. ఏడుసార్లూ ఆయన కొంగు పట్టుకొని అసలైన వెండి అన్నాడు. ఏడుసార్లూ ఆమె తల దించుకొని, చాలించప్పా, అందరూ ఇంటాండారు అంది.

మాస్టారు మారుతి డబ్బు మారుతికి ఇచ్చేసి, చీరను గుండెకు పట్టుకొని, ఆరింటికి హిందూపురంలో దిగాడు. రామాంజినమ్మ చీరను చూసి కళ్లు తుడుచుకుంది. కంచం పెట్టింది. ఉప్మా చూపించింది, నీళ్లు చూపించింది. మాట మాత్రం మాట్లాడలేదు.

కాలేజీ నుంచి వచ్చిన అమృత గోడ మీది ఫోను తెచ్చి, ఛార్జింగు పెట్టి తెరిచింది. ఛార్జి అయిపోయేదాకా అంతా రికార్డయింది. ఎండలో వంకాయ రంగు చీర ఊగుతోంది. మారుతి వచ్చాడు. రామాంజినమ్మ చేతులు తిప్పి లోపలికి పరుగెత్తింది. అప్పుడు కిటికీలోంచి, దుప్పటి కింది నుంచి, చేతి గడియారంతో సహా ఒక చెయ్యి వచ్చి, తీసుకొని పో, పో అని ఊపింది. మారుతి పాపం, లోపల జబ్బు మనిషి ఉన్నాడనుకున్నాడు. మైకు ఆపేశాడు. చీరను భక్తిగా మడత పెట్టుకున్నాడు. కిటికీకి దండం పెట్టి మరీ వెళ్లాడు.

ముగ్గురూ ఆ చేతిని రెండుసార్లు చూశారు.

"అక్కా" అన్నాడు మాస్టారు, "ఇచ్చింది నేనే. నిన్ను అనరాని మాటలంటి."

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడక్కా."

మాట్లాడింది. ఉప్మా చల్లారి గట్టిపడేదాకా మాట్లాడింది. మాస్టారు తల దించుకొని విన్నాడు. మధ్యలో ఒకసారి, "ఉప్మా కాదక్కా ఇది, ఉక్కుమా" అన్నాడు. ఏడాది తర్వాత వేసిన మొదటి జోకు. ఎవరూ నవ్వలేదు. అమృత లేచి వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఆదివారం బంధువులందరి ముందూ వీడియో వేశారు. ఉపోద్ఘాతం మార్చాడు మాస్టారు. "ఈ చీరలో వెండి లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఒకరికే తెలుసు" అని మొదలవుతుంది. విషయ వివరణకు ఆ రెండు ముళ్లు చూపించాడు. కిటికీలోంచి చెయ్యి వచ్చినప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే, జేబులోని ఫోను ధర్మవరంలో పట్టుకొచ్చిన గొంతు వినిపించింది, కూరాకుకు పోయినా నాకు చెప్పే పోయేది అని. అదే పదమూడో టేకు. ముగింపు వేరే రాయలేదు.

తర్వాత అమృత దాన్ని యూట్యూబులో పెట్టింది. ఇప్పటిదాకా నూట నలభై మంది చూశారు. కింద కామెంటు ఒక్కటే ఉంది: "పాత పట్టుచీరలు కొంటాం. ఇంట్లోవాళ్లను నోటితో అడిగి మాత్రమే తీసుకుంటాం. ఇట్లు, మారుతి."